కొలువు కోరిన లేఖ: చెన్నపట్టణపు తెలుగువారి ఉమేదువారీ చరిత్ర

తిరువొత్తియూరు అనగానే మనవారికి మొదట జ్ఞప్తికి వచ్చునది ఆదిపురీశ్వరుని కోవెల, త్రిపురసుందరీదేవి సన్నిధి, ఆ తల్లిపై త్యాగరాజస్వామివారు తెలుగున రచించిన పంచరత్న కీర్తనలు. ఆయన శిష్యులైన వీణ కుప్పయ్యరుగారి కుమారులు ఈ ఊరి పేరునే తమ పేరునకు ముందుంచుకొని తిరువొత్తియూరు త్యాగయ్యగా ప్రసిద్ధి కెక్కిరి. సంగీతమువలన ఈ ఊరికిని తెలుగునకును కలిగిన ఈ సంబంధము మన సంచికలలో పలుమార్లు ప్రస్తావింపబడినదే. కాని మన కుటుంబములను ఈ తీరమున నిలిపినది కేవలము సంగీతము కాదు. కూడును గుడ్డయు నిచ్చిన కొలువు. దామెర్ల నాయకుల అనుమతితో 1639లో ఆంగ్ల వర్తకులు ఇచ్చట కోట కట్టుకొనుట మొదలు తెలుగువారు ఆ కోట వాకిట పనులకై నిలిచియే యున్నారు. 1708లో తిరువొత్తియూరు, నుంగంబాకము మున్నగు ఐదు గ్రామములు కుంపిణీవారి చేతికి వచ్చినప్పుడు, మన ఊరును ఆ కచేరీల నీడలోనికే వచ్చినది. ఆ కొలువులను మన పూర్వులు ఎట్లు అడిగిరి? ఎవరి నడిగిరి? ఏమని వ్రాసిరి? ఇది మనవా రంతగా విచారింపని చరిత్ర.

ఈ విచారణకు నన్ను పురికొల్పినది ఒక చిన్న సంఘటన. మా వీధిలో మూడు తరములుగా స్థిరపడిన యొక తెలుగు కుటుంబము గలదు. ఆ యింటి పిల్ల ఇంజనీరింగు మూడవ సంవత్సరము చదువుచున్నది. వేసవి సెలవులలో ఒక సంస్థయందు ఇంటర్న్‌షిప్ చేయుటకు దరఖాస్తు పెట్టదలచి, దానితో జతపఱుపవలసిన కవరింగు లెటరును నాకు చూపి, "తాతగారూ, ఇందులో తప్పులున్నవేమో చూచి పెట్టండి" అని అడిగినది. చూచితిని. ఇంగ్లీషులో వ్యాకరణ దోష మొక్కటియు లేదు. కాని ఆ లేఖలో ఆ పిల్లయు లేదు. ఉత్సాహము, నిబద్ధత, నేర్చుకొను ఆసక్తి అను పెద్ద మాటలు వరుసగా నుండెను. అవి ఎవరి లేఖలోనైనను అతుకునవే. తెలిసిన భాషలు అనుచోట ఇంగ్లీషు, తమిళము అని మాత్రమే వ్రాసియుండెను. "తెలుగు ఏమైనది తల్లీ?" అని అడుగగా, "ఇంటిలో మాట్లాడుటయే కదా తాతగారూ, అది కూడ వ్రాయవలెనా?" అనినది. ఆ ప్రశ్నకు నేను వెంటనే సమాధానము చెప్పలేదు. చెప్పవలసిన సమాధానమే ఈ వ్యాసము.

పెద్దల నొక కోరిక కోరుటకు మన భాషలో పూర్వమునుండియు గల మాట విన్నపము. సంస్కృతములోని విజ్ఞాపనమే దానికి మూలము. రాజాస్థానములలో ప్రభువు పక్షమున లేఖలు వ్రాయు ఉద్యోగమునకు రాయసమని పేరు. శ్రీకృష్ణదేవరాయల కొలువునందలి రాయసము కొండమరుసు పేరు చరిత్ర చదివినవారెల్లరు ఎరుగుదురు. నేటికిని రాయసమువారను ఇంటిపేరు మనలో నున్నది. తరువాత తురుష్క ప్రభుత్వముల ద్వారమున పారసీక, హిందుస్తానీ పదములు వచ్చి చేరెను. విన్నపము అర్జీ యయ్యెను; కొలువుశాల కచేరీ యయ్యెను. ఆ పదములతోడనే మన కీనాడు మిక్కిలి అక్కఱకు వచ్చు మఱియొక మాట వచ్చినది: ఉమేదువారు. ఉమేదు అనగా ఆశ. ఉద్యోగమునకై ఆశ పెట్టుకొని కచేరీ చుట్టు తిరుగువాడు, జీతము లేకయో, స్వల్ప భత్యముతోనో పని నేర్చుకొనుచు ఖాళీ కొఱకు వేచియుండువాడు ఉమేదువారు. నేడు ఇంటర్ను అని మనము పిలుచుచున్నది అతనినే. మాట క్రొత్తది, మనిషి పాతవాడు. గ్రామములలో కరణికము నేర్చుకొను బాలుడును ఇట్టివాడే. తండ్రియొద్దనో మేనమామయొద్దనో కూర్చుండి, కవిలెకట్టలకు నకళ్లు వ్రాయుచు, లెక్కలు కూడుచు, ఏండ్లకేండ్లు గడిపినగాని అతని చేతికి స్వతంత్రముగా గంటము వచ్చెడిది కాదు.

ఉమేదువారీ మనకే పరిమితమైన దురవస్థ అని తలపరాదు. కుంపిణీ కొలువునకు సీమనుండి వచ్చిన దొరబిడ్డలు సైతము విన్నపము వ్రాసుకొనియే వచ్చిరి. రైటరు అను గుమాస్తా పదవి కోరు కుఱ్ఱవాడు లండనులోని డైరెక్టర్ల సభకు స్వహస్తముతో నొక పిటిషను వ్రాసి, తన జ్ఞానస్నాన పత్రమును, లెక్కలు పద్దులు నేర్చినట్లు ఉపాధ్యాయుడిచ్చిన యోగ్యతాపత్రమును దానికి జతపఱుపవలెను. డైరెక్టర్లలో ఎవరైన నొకరు అతనిని నామినేటు చేయవలెను. 18వ శతాబ్దమునుండి వచ్చిన అట్టి పిటిషనులు నేటికిని లండనులో భద్రముగా నున్నవి. 1744లో చెన్నపట్టణమున దిగిన రాబర్టు క్లైవు ఇట్టి రైటరే. అతని జీతము సంవత్సరమునకు ఐదు పౌనులు. తరువాత సామ్రాజ్యమునకు పునాది వేసినవాడు మొదట కోటలో నకళ్లు వ్రాసి దినములు గడపినాడు. పరిచయము లేనివానికి డైరెక్టరు నామినేషను దొరకుట దుర్లభము. 1855లో పోటీపరీక్షలు ఏర్పడువఱకు ఈ పద్ధతి సాగినది. కాబట్టి సిఫారసు అను రోగము మనము మాత్రమే తెచ్చుకొన్నది కాదు. మనకది ఓడ దిగి కూడ వచ్చినది.

ఇక మన తీరమునకు వత్తము. తిరువొత్తియూరికి దక్షిణమున ఆనుకొనియున్న తండయారుపేటలో నివసించిన ఏనుగుల వీరాస్వామయ్యగారి పేరు తెలియని తెలుగువాడుండడు. 1830 మే 18వ తేదీన పరివారముతో బయలుదేరి కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగివచ్చి, దారిలో చూచిన దెల్ల మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్లగారికి వ్రాసి పంపిన ధన్యజీవి ఆయన. ఆ వ్రాతలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చుపడి, తెలుగు వచనమునకు అలంకారమైనవి. ఆ యాత్రకు పోవునాటికి ఆయన సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగమున నుండెను. ఆ పదవికి ఆయన ఎట్లు చేరెను? 1780లో జన్మించిన ఆయన బాల్యముననే తండ్రిని కోల్పోయెను. పండ్రెండేండ్ల ప్రాయముననే ఇంగ్లీషు చదువనేర్చి, బోర్డు ఆఫ్ ట్రేడు కచేరీలో వాలంటీరుగా ప్రవేశించెను. వాలంటీరనగా ఉమేదువారే, ఆంగ్లమున నొక పేరు, పారసీకమున నొక పేరు, అంతియే భేదము. మఱుసటి యేడు తిరునెల్వేలి కలెక్టరు కచేరీలో ఇంటర్‌ప్రిటరుగా పని దొరకినది. తండ్రి లేని పండ్రెండేండ్ల బాలుడు దొరల కచేరీ మెట్లు ఎక్కునప్పుడు అతని చేతిలో నున్న ఆస్తి యేమి? తెలుగు ఇంటిలోనిది, తమిళము ఊరిలోనిది, ఇంగ్లీషు నేర్చుకొన్నది. ఈ మూడును ఒకచోట చేరుటయే అతని యోగ్యత. ఒక భాషలో చెప్పినదానిని మఱియొక భాషలో అపార్థము రాకుండ చెప్పగలుగుటయే ఇంటర్‌ప్రిటరు వృత్తి. ఇంటిలో మాట్లాడు భాష లేకున్న ఆ వృత్తియే లేదు.

వీరాస్వామయ్యగారి కాలముననే చెన్నపట్టణమున ఇట్టివారు మఱికొందఱు వెలసిరి. ఒంగోలు ప్రాంతమువారగు వెన్నెలకంటి సుబ్బారావుగారు 1815 మొదలు 1829 వఱకు సదరు కోర్టునందు ట్రాన్స్‌లేటరుగాను ఇంటర్‌ప్రిటరుగాను పనిచేసి, తమ జీవితకథను ఇంగ్లీషున వ్రాసికొనిరి. అది వారి యనంతరము 1873లో చెన్నపట్టణమున అచ్చుపడినది. ఒక తెలుగువాడు తన ఉద్యోగ జీవితమును తానే వ్రాసికొని యుంచుట ఆ కాలమున అరుదైన సంగతి.

అయితే ఈ వాలంటీరు పద్ధతిని గూర్చి నిజము చెప్పవలెను. జీతము లేని కొలువు చేయగలవాడు, ఆ కొలువు చేయునన్నాళ్లు ఎవరో యొకరు అన్నము పెట్టగలవాడై యుండవలెను. పట్టణమున బంధువుల ఇల్లో, తెలిసినవారి పంచయో ఉండవలెను. కచేరీలో మాట చెప్పగల పెద్దయొకడు కావలెను. అందువలన చదువు, వ్రాత మొదటినుండియు గల కులములవారికే ఆ తలుపు తెఱువబడినది. స్త్రీల కది గోడయే కాని తలుపు కాదు. రేవులో మూటలు మోసిన తెలుగువారికిని, పట్టణపు వీధులు శుభ్రము చేసిన తెలుగువారికిని కచేరీ అరుగు ఎక్కు దారియే లేకుండెను. వారు అర్జీ వ్రాయవలసి వచ్చినచో పరుల చేత వ్రాయించుకొని వ్రేలిముద్ర వేసిరి. చెన్నపట్టణపు తెలుగువారి ఘనత చెప్పునపుడు ఈ సగమును విడిచిన అది చరిత్ర కాదు, పొగడ్త మాత్రమగును.

యోగ్యత గలవాని విన్నపము సైతము త్రోసివేయబడిన సందర్భ మొకటి మనవారి చరిత్రలో గలదు. ఏలూరినుండి వచ్చిన కావలి సోదరులు కర్నలు కాలిన్ మెకంజీయొద్ద పనిచేసిరి. వారిలో బొఱ్ఱయ్య శాసనములు చదువుటలో అసమానుడని పేరొంది, 1803లో చిన్నవయస్సుననే మరణించెను. పిమ్మట తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము వహించి, దక్షిణదేశమంతట కైఫీయతులను, శాసనముల నకళ్లను, వ్రాతప్రతులను సేకరించు పనిని నడపెను. 1821లో మెకంజీ కలకత్తాయందు మరణించెను. ఆ సేకరణను కొనసాగించు పని తనకు అప్పగింపుమని లక్ష్మయ్య ప్రభుత్వమును కోరెను. ఆ పనిలో అతని కున్నంత అనుభవము బ్రదికియున్నవారిలో మఱెవరికిని లేదు. అప్పటికి అతడు చెన్నపట్టణపు హిందూ లిటరరీ సొసైటీకి అధ్యక్షుడు కూడ. విషయము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయమునకై పోయెను. 1836 ప్రాంతమున జేమ్సు ప్రిన్సెప్ ఇచ్చిన అభిప్రాయ మేమనగా, ఇట్టి బృహత్కార్యమునకు నాయకత్వము వహించు శక్తి ఈ దేశీయునికి ఉండదని. పని విలియం టైలరు అను మతాచార్యునికి అప్పగింపబడినది. లక్ష్మయ్య విన్నపములో లోపము లేదు. చదివినవాని దృష్టిలో లోపమున్నది. దరఖాస్తు తిరస్కరింపబడిన ప్రతి యువకుడును ఈ కథను తెలిసికొనవలెను. తిరస్కారము ప్రతిసారియు అడిగినవాని అయోగ్యతకు తీర్పు కానేరదు. నేడు మెకంజీ సేకరణలు లేకుండ ఆంధ్రదేశ చరిత్ర వ్రాయువారు లేరు. ఆ సేకరణలలో కావలివారి చెమట లేని కట్ట అరుదు.

ఇక లేఖల రూపమును గూర్చి కొంత చెప్పెదను. పాత తెలుగు అర్జీకి ఒక నడక యుండెడిది. "మహారాజశ్రీ ఫలానా దొరవారి సముఖమునకు ఫలానా వాడు వ్రాసుకొన్న అర్జీ" అని ఆరంభము. నడుమ తన స్థితి, తన కోరిక. చివర "చిత్తగించవలెను" అని ముగింపు. సీమనుండి వచ్చిన యువ ఉద్యోగులకు 1812లో స్థాపితమైన సెయింటు జార్జి కోట కళాశాలలో దేశభాషలు నేర్పుచుండిరి. తెలుగు సీమకు పోవలసినవానికి గ్రంథభాష వచ్చిన చాలదు. రైతు వ్రాసిన అర్జీ చదువ వచ్చితీరవలెను. ఆ కళాశాలలోనే తెలుగు నేర్చిన బ్రౌనుదొర 1852లో ప్రకటించిన తెలుగు రీడరు ఇందుకే పుట్టినది. సొంత సంగతుల లేఖలు, వ్యాపారపు లేఖలు, పోలీసు వ్యవహారములు, రెవిన్యూ వ్యవహారములు అందు చేర్చి, ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేసెను. కావ్యములు సంపాదించి రక్షించిన ఆ మహనీయుడే సామాన్యుల ఉత్తరములను కూడ అచ్చునకు తగినవిగా తలంచుట గమనింపదగినది.

ఇంగ్లీషు దరఖాస్తు వచ్చిన పిమ్మట వినయవాక్యములు భాష మార్చినవి. దరఖాస్తు పెట్టుకొనుటకు వేడుచున్నాననియు, తమ మిక్కిలి విధేయుడైన సేవకుడ ననియు వ్రాయుట ఆచారమయ్యెను. దీనిని చూచి మనవారు బానిసత్వ చిహ్నమని నొచ్చుకొందురు. కాని ఆ కాలపు సర్కారీ లేఖలలో పై యధికారి క్రింది యధికారికి వ్రాసినను ఆ సేవకుడే సంతకము చేసెడివాడు. అది కాగితపు మర్యాద. ఆ మర్యాదను మనస్సునకు ఎక్కించుకొన్నవాడు మాత్రము నిజముగా సేవకు డయ్యెను. ఒక్కొక్కరుగా అడిగిన గొంతులు కలసి అడిగినప్పుడు స్వరము మారుననుటకు 1839 నవంబరులో గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ ప్రభువునకు సమర్పింపబడిన మహజరు సాక్షి. చెన్నపట్టణవాసులు ఉన్నతవిద్య కోరి వ్రాసిన ఆ విన్నపముపై సుమారు 70,000 సంతకము లుండెను. 1841లో హైస్కూలు తెఱువబడినది. తరువాత 1852లో గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు మద్రాసు నేటివ్ అసోసియేషను స్థాపించి, ఈ రాజధాని ప్రజల కష్టములను పార్లమెంటునకే విన్నవించిరి.

ఒక్కని లేఖ ఎట్లుండవలెనో చూపుటకు మన రేవునందే యొక మహోదాహరణము గలదు. 1912 ఫిబ్రవరి 9వ తేదీన తిరువల్లిక్కేణినుండి శ్రీనివాస రామానుజన్ అను యువకుడు మద్రాసు పోర్టు ట్రస్టు వారికి గుమాస్తా పనికై దరఖాస్తు వ్రాసెను. ఆయన తెలుగువాడు కాడు. కాని ఆయన గణితమును మొదట ఆదరించి, నెలనెల ఖర్చులకు సొమ్మిచ్చి నిలిపిన రామచంద్రరావుగారు అప్పుడు నెల్లూరు కలెక్టరు. ఆ దరఖాస్తు మిక్కిలి చిన్నది. ఖాళీ యున్నదని విన్నాననియు, దానిని కోరుచున్నాననియు మొదట చెప్పెను. మెట్రిక్యులేషను ప్యాసైనట్లును, ఎఫ్.ఏ. వఱకు చదివి ప్రతికూల పరిస్థితులవలన ముందునకు పోలేకపోయినట్లును దాచక వ్రాసెను. అయినను తన కాలమంతయు గణితమునకే వినియోగించుచు వృద్ధి పొందుచున్నానని చేర్చెను. ప్రెసిడెన్సీ కళాశాల గణితాచార్యులు మిడిల్‌మాస్టుగారి యోగ్యతాపత్రము వెంట నుండెను. మార్చి 1వ తేదీన నెలకు 30 రూపాయలపై పనిలో చేరెను. మఱుసటి జనవరి 16వ తేదీన కేంబ్రిడ్జిలోని హార్డీగారికి వ్రాసిన ప్రసిద్ధ లేఖలోను ఇదే పద్ధతి: తాను పోర్టు ట్రస్టు గుమాస్తా ననియు, తన జీతము ఏటికి 20 పౌనులనియు, విశ్వవిద్యాలయపు చదువు తనకు లేదనియు మొదటనే చెప్పి, పిమ్మట తన సిద్ధాంతములను ముందుంచెను. గొప్పలు లేవు, దైన్యము లేదు. చేసిన పని కాగితముపై నున్నది. తక్కినది చదువువాని వివేకమునకు వదలెను.

కాలము మారెను. 1929లో చెన్నరాజధానిలో సర్వీసు కమిషను ఏర్పడి, దొరకు వ్రాయు అర్జీకి బదులు అచ్చు ఫారములు వచ్చెను. సముద్రతీరమున మన ఊరి రూపమును మారెను. అగ్గిపెట్టెల కర్మాగారము తన పేరునే విమ్కో నగరునకు ఇచ్చినది. 1946లో ఇచ్చటి యొక పాకలో బొమ్మబుడగలు చేయుటతో మొదలైన పరిశ్రమ పిదప ఎం.ఆర్.ఎఫ్. టైర్ల సంస్థయై పెరిగెను. 1955లో ఎన్‌ఫీల్డు మోటారు సైకిళ్ల కర్మాగారము వెలసెను. ఉమేదువారికి చట్టరీత్యా నొక స్థానము కలిగినది 1961 నాటి అప్రెంటిసుల చట్టముతో. నిర్దిష్ట పరిశ్రమలు అప్రెంటిసులను తీసికొనితీరవలెననియు, వారికి స్టైపెండు ఇయ్యవలెననియు అది విధించెను. వీరాస్వామయ్యగారి కాలమున అన్నము పెట్టువారున్నవానికే దొరకిన శిక్షణ, ఈ చట్టముచేత కూలివాని కుమారునికి సైతము అందవచ్చునదైనది. 2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఆరంభించిన ఇంటర్న్‌షిప్ పథకము సైతము, ఆరంభదశలో నెలకు 5,000 రూపాయల భత్యము నిర్ణయించి, ఆ దారిలోనే నడచినది. అయినను భత్యము లేని ఇంటర్న్‌షిప్పులు నేటికిని పెక్కు గలవు. పాత అన్యాయము క్రొత్త పేరుతో తిరుగుచునే యున్నది.

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. ఆమెను మఱునాడు పిలిచి కూర్చుండబెట్టి, "అమ్మా, నీవు నిజముగా చేసినదేమి?" అని అడిగితిని. కళాశాలలో నీటి నాణ్యతను కొలుచు పరికర మొకటి తోటివారితో కలసి చేసినదట. అది మొదట రెండుమార్లు చెడిపోయినదట. ఎర్నావూరు ప్రక్క వీధులలో నీరు పరీక్షించునపుడు, తమిళము బాగుగ రాని తెలుగు ముసలివారితో తానే తెలుగున మాట్లాడి వివరములు వ్రాసికొన్నదట. "ఇవి ఏవియు నీ లేఖలో లేవే?" అంటిని. "ఇవి చిన్న సంగతులు కదా తాతగారూ" అనినది. రామానుజనుగారి దరఖాస్తు సంగతి చెప్పితిని. వీరాస్వామయ్యగారి మూడు భాషల సంగతి చెప్పితిని. లక్ష్మయ్యగారి సంగతి కూడ చెప్పితిని. ఎందుకనగా, బాగుగ వ్రాసినంత మాత్రమున పని దొరకునని పిల్లలతో అబద్ధ మాడరాదు.

ఆమె లేఖను తిరిగి వ్రాసినది. ఏ పని కోరుచున్నదో మొదటి వాక్యమున, చేసిన పని రెండవ భాగమున, చెడిపోయిన పరికరమును ఎట్లు సరిచేసినదో మూడు పంక్తులలో, ఆ సంస్థయొద్ద ఏమి నేర్వదలచినదో చివర. పెద్ద మాటలు పోయినవి. పుట సగమయ్యెను. భాషల వరుసలో తెలుగు చేరినది. చేరుటయే కాక, ఆ భాషతో తాను చేసిన పని యేమో ఒక వాక్యము చేరినది.

మన పిల్లలు బడిలో తమిళము చదువుచున్నారు, కళాశాలలో ఇంగ్లీషు చదువుచున్నారు. ఆ రెండును వారికి కావలసినవే. తెలుగు మాత్రము ఇంటి గడప దాటుట లేదు. గడప దాటనిది యోగ్యత కాదని వారే నమ్ముచున్నారు. తండయారుపేట బాలు డొకడు రెండు శతాబ్దములకు పూర్వము ఆ గడప దాటించిన భాషనే మనము నేడు దాచుకొనుచున్నాము. దరఖాస్తులో తెలుగు వ్రాయుటవలన ప్రతివానికిని ఉద్యోగము రాదు. కాని దానిని వ్రాయుటకు సిగ్గుపడినవాని యింట అది మఱియొక తరము నిలువదు.

అడగనిదే అమ్మయిన పెట్టదని మన పెద్దల సామెత. అడుగవలసినదే, తానెవరో చెప్పి అడుగవలెను. ఆ పిల్ల లేఖకు ఇంకను జవాబు రాలేదు. మఱి మూడు సంస్థలకు అట్టివే వ్రాయుచున్నది.